147 సెంటీమీటర్ల పిల్ల గురించి, సెలక్షన్ పెద్దలకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జూడో, తైక్వాండో, కరాటే, బాక్సింగ్, కుస్తీ సెలక్షన్లు నడిపే పెద్దలందరికీ నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైనవాణ్ణి. ఊళ్లో ఇప్పటికీ నా పేరు డ్రిల్లు మేస్టారే. వయసులో ఉండగా కొన్నాళ్లు జూడో ఆడాను. రాష్ట్ర స్థాయి దాటలేదు గానీ ఒక మోకాలు మాత్రం మ్యాటు మీదే వదిలేసి వచ్చాను. ఇప్పుడు పొద్దున్న పూట మా ఊరి కమ్యూనిటీ హాల్లో, అతుకులేసిన పాత మ్యాట్ల మీద, పాతికమంది పిల్లలకి పడటం నేర్పిస్తున్నాను. జూడోలో ముందు నేర్పేది పడటమే కదా. ఉద్యోగంలో ఉండగా ఈ ఉత్తరం రాసే ధైర్యం చాల్లేదు. ఇప్పుడు నాకున్నది పెన్షన్ ఒక్కటే, అది మీ చేతుల్లో లేదు. అందుకని రాస్తున్నాను. మీలో చాలామంది నాకు తెలుసు. ఇద్దరు ముగ్గురు నా దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లు నొచ్చుకోవద్దని ముందే చెబుతున్నాను.

ఈ మధ్య ఒక సెలక్షన్ మీట్‌కి మా పిల్లల్ని తీసుకెళ్లాను. ఎక్కడ జరిగింది, ఎవరు నడిపారు అన్నది రాయను. ఆ రోజు అక్కడున్నవాళ్లకి తెలుసు, లేనివాళ్లకి అవసరం లేదు. మా వాళ్లలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతె ఉంది. సముద్రం ఒడ్డు ఊరు. తల్లి చేపలమ్ముతుంది, సెలవు రోజుల్లో గంప ఈ పిల్ల నెత్తి మీదికి ఎక్కుతుంది. ఎత్తు 147 సెంటీమీటర్లు, బరువు 44 కేజీల లోపు. పొట్టి మెడ, వెడల్పు భుజాలు, గట్టి తొడలు. నిలబడితే నాటిన గుంజలా ఉంటుంది.

పల్లెటూరి పిల్లలకి ఆట ఎంచుకునే భాగ్యం ఉండదని మీకు తెలియంది కాదు. ఏ సెలక్షన్ ముందొస్తే దానికి పరిగెడతాం. సర్టిఫికెట్టు చేతికొస్తే రేపు స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుందని ఆశ. ఈ పిల్ల నా దగ్గర జూడో నేర్చుకుంటూనే, స్కూల్లో ఆరు నెలలు తైక్వాండో కిక్కులు కూడా నేర్చుకుంది. ఆ ధైర్యంతో తైక్వాండో వరసలో నిలబడింది. ఒక పెద్దమనిషి విజిల్ మెళ్లో వేసుకుని వరస పొడుగునా నడిచారు. వేలు చూపిస్తూ, నువ్వు ఇటు, నువ్వు అటు. మా పిల్ల దగ్గర ఆగి, "నీకు కాళ్లేవమ్మా? నీ కిక్కు అవతలి పిల్ల మోకాలికి తగుల్తుంది" అన్నారు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. అక్కడితో ఆమె సెలక్షన్ అయిపోయింది. ఒక్క బౌటు ఆడించలేదు, బరువు చూడలేదు, ఎత్తు కొలవలేదు. అంతా కలిపి అర నిమిషం.

తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. నాగావళి వంతెన మీదికి వచ్చాక అడిగింది, "మేస్టారూ, నా కాళ్లు ఇంక ఎదగవేటి?" అని. బస్సు వంతెన దాటి కాంప్లెక్స్‌లో ఆగినా నాకు జవాబు దొరకలేదు. దానికి జవాబు వెతుక్కుంటూ నాలుగైదు రోజులు పాత నోట్సులు తిరగేశాను. ఈ ఉత్తరం అందులోంచి వచ్చిందే.

ముందు ఆ పెద్దమనిషి మాటలో ఉన్న నిజం ఒప్పుకుంటాను. తైక్వాండోకి కాళ్లు కావాలి. ఒంటికి తగిలిన కిక్కుకి 2 పాయింట్లు, తలకి తగిలితే 3. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి చెస్ట్ గార్డులో సెన్సర్లు వచ్చాయి. ముందు కాలు గాల్లో పెట్టి, కర్రసాములో కర్ర తిప్పినట్టు తిప్పుతూ, అవతలి మనిషిని దగ్గరికి రానివ్వకుండా పాయింట్లు ఏరుకునే ఆట అయింది. బరువు ఒకటే అయినప్పుడు పొడుగు కాలు ముందు తగులుతుంది. థాయిలాండ్ అమ్మాయి పానిపాక్ వోంగ్‌పట్టనకిట్‌ని చూడండి. 49 కేజీల విభాగంలో టోక్యోలో ఒకటి, పారిస్‌లో ఒకటి, రెండు ఒలింపిక్ బంగారు పతకాలు. ఎత్తు 170 సెంటీమీటర్ల పైమాటే. ఆమెను చూస్తే ఎవరికైనా వెదురుబొంగు గుర్తొస్తుంది.

ఇప్పుడు పక్క మ్యాటు మీదికి రండి. జపాన్ జూడో మనిషి ర్యోకో తాని, పెళ్లికి ముందు ఇంటిపేరు తమురా. 48 కేజీల విభాగం. ఆమెవీ రెండు ఒలింపిక్ బంగారు పతకాలే, 2000లో సిడ్నీ, 2004లో ఏథెన్స్. వాటికి ముందు రెండు వెండి, తర్వాత ఒక కంచు. ప్రపంచ చాంపియన్‌షిప్పు ఏడుసార్లు గెలిచింది. ఎత్తు 146 సెంటీమీటర్లు. మా పిల్ల కంటే ఒక సెంటీమీటరు తక్కువ.

బరువులో ఒక్క కేజీ విభాగం తేడా, ఎత్తులో జానెడు పైన తేడా. ఈ ఇద్దరినీ అటుదిటు చేసి, తానిని తైక్వాండో వరసలో, పానిపాక్‌ని జూడో వరసలో నిలబెట్టి ఉంటే ఇద్దరి పేర్లూ మన దాకా వచ్చేవి కావేమో. ఆ రోజు ఆ మైదానంలోనే, మా పిల్ల నిలబడ్డ చోటికి యాభై అడుగుల దూరంలో జూడో మ్యాటు వేసి ఉంది. "నీ ఒడ్డూ పొడుగూ దీనికి కుదరదు, అటు వెళ్లు తల్లీ" అని ఒక్కరూ అనలేదు. నేను పరిగెత్తుకెళ్లి అడిగేసరికి పేర్లు పొద్దున్నే రాసేశామన్నారు. నా బాధంతా ఆ యాభై అడుగుల గురించే.

పొట్టివాళ్లకి జూడోలో లాభం ఎక్కడుందో తెలియాలంటే నూతి దగ్గర బిందె ఎత్తుకునే ఆడమనిషిని చూడాలి. నిండు బిందెని చేతులు చాపి ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. ఆమె అలా చెయ్యదు. మోకాళ్లు వంచి, తుంటిని బిందె కిందికి చేర్చి, ఒంటికి హత్తుకుని లేస్తుంది. జూడోలో ఎత్తి వెయ్యడమూ అంతే. మన నడుం అవతలి మనిషి నడుం కిందికి వెళ్లాలి. పొట్టి మనిషి నడుం మొదటి నుంచీ అక్కడే ఉంటుంది. పొడుగు మనిషి వంగి అక్కడికి రావాలి, ఆ వంగే లోపల దొరికిపోతాడు. భుజం మీంచి విసిరే సియోయ్ నాగె పట్టుకి పేరుపడ్డ తోషిహికో కోగా 71 కేజీల విభాగం మనిషి. బరువు విభాగాలు లేకుండా జరిగే ఆల్ జపాన్ పోటీలో 1990లో ఫైనల్ దాకా వెళ్లాడు. అక్కడ నూట ముప్పై కేజీల దగ్గరుండే ఒగావా చేతిలో ఓడాడు, అది వేరే సంగతి. అసలు జూడో పెట్టిన జిగోరో కానోయే చాలా పొట్టి మనిషి. తనకంటే పెద్దవాళ్లని ఎలా పడెయ్యాలా అని ఆలోచించబట్టే ఆ ఆట అలా తయారైంది.

అలాగని జూడో పొట్టివాళ్ల జాగీరని చెప్పడం లేదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో డచ్చి మనిషి ఆంటన్ గీసింక్, 198 సెంటీమీటర్లవాడు, ఓపెన్ విభాగంలో జపాన్ మనిషిని జపాన్‌లోనే ఓడించాడు. పొడుగు మనిషి వేరే పట్లు పడతాడు, అవతలివాడి తల మీంచి చెయ్యి వేసి వీపు బెల్టు దొరకబుచ్చుకుంటాడు. నేర్పేవాడికి రెండూ తెలిసి ఉండాలి, అంతే. బాక్సింగ్‌లోనూ ఇదే సంగతి. పొడుగు చేతులవాడు దూరం నుంచి జాబ్ అనే సూటి గుద్దు వేస్తాడు, పొట్టి చేతులవాడు తల ఊపుకుంటూ లోపలికి దూరి పక్కటెముకలు వెతుకుతాడు. రాకీ మార్సియానోకి హెవీవెయిట్‌లో చాలామంది కంటే చేతులు పొట్టి. 49 బౌట్లు ఆడి 49 గెలిచి రిటైరయ్యాడు. కరాటేలో ఒంటరిగా కదలికలు చేసి చూపించే కటాలో అయితే బరువు విభాగాలే లేవు. కుస్తీ గురించి నాకు తెలిసింది తక్కువ, మెడా పట్టూ చూడమని మా గురువుగారు చెప్పేవారు.

ఇక మన చూపు ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. మా జిల్లాలో వీధికొక ఆర్మీ మనిషి ఉంటాడు. ర్యాలీ అంటే ఎత్తు గీత, ఛాతీ టేపు, 1600 మీటర్ల పరుగు. గీత కిందికి తల వస్తే ఇంటికే. కుర్రాళ్లు చింతచెట్టు కొమ్మకి వేలాడి ఒక సెంటీమీటరు సంపాదించాలని చూస్తారు. పైగా మనందరి మనసులోనూ కోడి రామ్మూర్తి గారి బొమ్మ ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఇనప గొలుసులు తెంపి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న కలియుగ భీముడు. ఆయన పేరున్న స్టేడియంలో పరిగెత్తినవాళ్లం. బలమైన మనిషి అంటే అలా ఉండాలని కన్ను నేర్చేసుకుంది. సైన్యానికి ఒకే కొలత ఎందుకో సైన్యానికి తెలుసు. బరువు విభాగాలున్న ఆటలో ఆ గీత గియ్యడం ఎందుకో నాకు అర్థం కాదు. చిన్నవాడు చిన్నవాడితో ఆడటానికే కదా ఆ విభాగాలు పెట్టింది?

జపాన్ సుమోలో అప్పట్లో కనీసం 173 సెంటీమీటర్లు ఉండాలని నియమం. మైనోఉమి అనే కుర్రాడు 171 దగ్గర ఆగిపోయాడు. నెత్తి చర్మం కింద సిలికాన్ పెట్టించుకుని, బుడిపెతో పరీక్షకి వచ్చి పాసయ్యాడు. ఆ తర్వాత తన బరువుకి రెండింతలున్న వాళ్లని పడగొట్టి జనానికి ముద్దుబిడ్డ అయ్యాడు. ఇది చెబితే మా పిల్లలు పడీపడీ నవ్వారు. ఒకడు మాత్రం ఆపరేషన్‌కి ఎంతవుతుంది మేస్టారూ అని అడిగాడు. వాడికి ఆర్మీ పిచ్చి.

మనకి విజయనగరం పక్కనే నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టింగ్ ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ఆ ఊళ్లో పొట్టి చేతుల పిల్లని ఎవరూ నవ్వరు. బార్ నేల మీంచి నెత్తి మీదికి వెళ్లే దారి పొట్టి చేతులకి తక్కువ, పొట్టి తొడలకి లేవడం తేలిక. మనిషి బరువు పెరిగినంతగా కండ బలం పెరగదు. కండ బలం దాని మందాన్ని బట్టి, ఒంటి బరువేమో మొత్తం పరిమాణాన్ని బట్టి పెరుగుతాయి కాబట్టి, కేజీకి ఇంత బలం అని లెక్క కడితే చిన్న మనిషే ముందుంటాడు. చీమ తన బరువుకి ఎన్నో రెట్లు మోయడంలో ఉన్న గుట్టూ ఇదే. ఆ ఒంటినే అక్కడ చూసి "భలే ఉంది, రేపట్నుంచి పంపండి" అంటారు. మీ మైదానంలో "కాళ్లేవమ్మా" అన్నారు. రెండు చోట్లకీ మధ్య బస్సులో గంటన్నర కూడా పట్టదు.

మీలో కోచింగ్ డిప్లొమా చేసినవాళ్లు శరీర తత్వాల పాఠం చదివే ఉంటారు. సన్నపొడుగు, కండపుష్టి, బొద్దు. ఎక్టోమార్ఫ్, మీసోమార్ఫ్, ఎండోమార్ఫ్ అని బట్టీపట్టిన మాటలు. 1940లో షెల్డన్ అనే అమెరికన్ పెట్టిన పేర్లవి. ఆయన కుర్రాళ్ల ఫొటోలు చూసి రకాలు తేల్చాడు. అక్కడితో ఆగకుండా ఒంటి తీరుని బట్టి గుణం కూడా చెప్పొచ్చన్నాడు, బొద్దువాళ్లు ఇలాంటివాళ్లు, సన్నవాళ్లు అలాంటివాళ్లు అని. మన జాతకాలవాళ్లకి ఏమాత్రం తీసిపోడు. గుణాల సంగతి తర్వాతి వాళ్లు పక్కన పడేశారు. 1967లో హీత్, కార్టర్ అనే ఇద్దరు దాన్ని సరిచేసి, చర్మం మడతల మందం, ఎముకల వెడల్పు, కండ చుట్టుకొలత, ఎత్తు, బరువు కొలిచి మూడు అంకెల్లో రాసే పద్ధతి తెచ్చారు. ప్రతి మనిషిలోనూ మూడు తత్వాలూ ఎంతో కొంత ఉంటాయి, వయసుతోనూ సాధనతోనూ అంకెలు మారతాయి. జూడో, కుస్తీ వాళ్లలో కండపుష్టి అంకె పెద్దది, తైక్వాండోవాళ్లలో సన్నపొడుగు అంకె కాస్త పెరుగుతుంది, హెవీవెయిట్లలో కొవ్వు అంకె కూడా ఎక్కుతుంది. అది పెద్దవాళ్లలో, గెలిచినవాళ్లలో కనిపించే సగటు. సగటుకి బయట కూడా చాంపియన్లుంటారు. రష్యావాడు ఫెడోర్ ఎమెలియానెంకోని చూస్తే కిరాణా కొట్టు యజమాని అనుకుంటారు, మెత్తటి పొట్టతో. 2001 నుంచి 2010 దాకా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఆయన్ని ఎవరూ ఓడించలేదు.

మనం చూసేది పెద్దవాళ్లనీ కాదు, పదమూడేళ్ల పిల్లల్ని. ఇక్కడ కన్ను ఇంకా మోసపోతుంది. ఆడపిల్లలు పన్నెండేళ్ల ప్రాంతంలో, మగపిల్లలు పద్నాలుగు దగ్గర ఒక్కసారిగా సాగుతారు. కొందరు రెండేళ్లు ముందు, కొందరు రెండేళ్లు వెనక. సాగేటప్పుడు కూడా ముందు పాదాలు, కాళ్లు, ఆ తర్వాతే మొండెం. చెప్పులు ఆరు నెలలకే బిగుతైపోతున్నాయని తల్లులు గోల పెట్టేది అందుకే. అంటే ఆ రోజు మీరు "కాళ్లున్న పిల్లలు" అని పక్కకి తీసినవాళ్లలో కొందరు సాగే మధ్యలో ఉన్నవాళ్లు. మొండెం కూడా వచ్చాక వాళ్ల కాళ్లు మామూలు కాళ్లే. ముందే ఎదిగిన పన్నెండేళ్ల పిల్లాడు అండర్-14లో అందర్నీ చితక్కొట్టి, పదిహేడొచ్చేసరికి మిగతావాళ్లు అందుకున్నాక ఓడటం మొదలుపెట్టి ఆట మానేస్తాడు. ఆలస్యంగా ఎదిగేవాణ్ణి మనం అప్పటికే ఇంటికి పంపేసి ఉంటాం. నా సర్వీసులో ఇద్దర్నీ చూశాను, లెక్కలేనన్ని సార్లు. తైక్వాండోలో క్యాడెట్ వయసు, అంటే పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి అసలు బరువు బదులు ఎత్తు ప్రకారం విభాగాలు పెట్టే పద్ధతి అంతర్జాతీయంగా వచ్చింది. మన దాకా ఎప్పుడొస్తుందో మీకే తెలియాలి.

ఇక రెండో సంగతి. దీన్ని రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఇందులో ముద్దాయిని నేనే. చాలా ఏళ్ల క్రితం, నా దగ్గర పద్నాలుగేళ్ల కుర్రాడొకడు జూడో బాగా ఆడేవాడు. బరువు 47 కేజీల 500 గ్రాములు. 50 కేజీల విభాగంలో ఆడితే తేలిపోతాడని, 45లో దింపితే పతకం ఖాయమని నాకు నేనే తేల్చేసుకున్నాను. నాలుగు రోజులు రాత్రి భోజనం లేదు. పొద్దున్న చోడి అంబలి ఒక గ్లాసు. చివరి రోజు అదీ లేదు, మంచినీళ్లూ లేవు. ప్లాస్టిక్ రెయిన్‌కోటు తొడిగి మధ్యాహ్నం ఎండలో మైదానం చుట్టూ తిప్పాను. జేబులో చింతపండు ముక్క పెట్టి, చప్పరిస్తూ ఉమ్మరా అన్నాను. సాయంత్రానికి కాటా 45 దగ్గర ఆగింది. వాడికి కంచు పతకం వచ్చింది. నేను హెడ్మాస్టరు గదిలో కాలర్ ఎగరేశాను. వాడు మాత్రం తర్వాత ఎప్పుడో, "మేస్టారూ, ఆ రోజు ఎవరితో ఆడానో నాకు గుర్తులేదండీ" అన్నాడు.

ఆ పిల్లాడి ఒంట్లోంచి నేను తీయించింది నూటికి ఐదు వంతుల పైన. అందులో ఎక్కువ భాగం నీరే. ఒంటి బరువులో నూటికి రెండు వంతుల నీరు తగ్గితేనే ఆట పడిపోవడం మొదలవుతుంది. రక్తం చిక్కబడుతుంది, గుండె వేగంగా కొట్టుకోవాలి, చెమట తగ్గి ఒళ్లు చల్లబడదు. మన తీరం ఉక్కలో అది ఇంకా ప్రమాదం. వాడికేమీ కాకపోవడం నా అదృష్టం. అమెరికాలో 1997 చివర్లో నెల పైచిలుకు వ్యవధిలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ఇలాగే, రబ్బరు సూట్లేసుకుని వేడి గదుల్లో బరువు దించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ఆ సూట్లూ ఆ గదులూ నిషేధించి, బరువు తూచే సమయాన్ని పోటీకి దగ్గరగా జరిపారు. 2015 డిసెంబరులో మనీలాలో 21 ఏళ్ల చైనా ఫైటర్ ఒకతను బరువు దించుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. పెద్దవాళ్లు, డాక్టర్లు పక్కనున్నవాళ్లు కూడా దీన్ని గెలవలేకపోతున్నారు. వినేశ్ ఫోగట్ సంగతి మీరంతా టీవీలో చూశారు. అంతకుముందు 53 కేజీల్లో ఆడిన మనిషి పారిస్‌లో 50కి దిగింది. మొదటి రోజు మూడు బౌట్లు గెలిచింది. రాత్రంతా నిద్ర లేకుండా కష్టపడి, జుట్టు కూడా కత్తిరించుకుని, 2024 ఆగస్టు 7 పొద్దున్న 100 గ్రాములు ఎక్కువ తూగి ఆగిపోయింది.

అదే మన ఊసవానిపేట మల్లీశ్వరి గారిని చూడండి. 1994లో, 1995లో 54 కేజీల విభాగంలో ప్రపంచ చాంపియన్. 2000 సిడ్నీ నాటికి ఆడింది 69 కేజీల్లో. 110, 130, మొత్తం 240 కేజీలెత్తి కంచు తెచ్చారు. ఒళ్లు పెరిగింది, విభాగం మారింది. మేరీ కోమ్‌ది ఇంకో తీరు. 46, 48 కేజీల్లో ప్రపంచ చాంపియన్, ఎత్తు 158 సెంటీమీటర్లే. 2012 లండన్‌లో ఆడవాళ్ల బాక్సింగ్‌కి మూడే విభాగాలు పెట్టి, అన్నిటికన్నా చిన్నది 51 అన్నారు. పైకెళ్లి, తనకంటే పెద్దవాళ్లతో ఆడి కంచు తెచ్చుకుంది. మొన్నటి మీట్‌లో మూత్రశాల వెనకాల ఒక పిల్లాడు వంగి ఉమ్ముకుంటూ కనిపించాడు. ఏ ఊరు, ఎవరి శిష్యుడు అని అడగలేదు. నా ముఖం నాకే కనిపించినట్టయింది.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటుంది. తిండి తగ్గించి కసరత్తు పెంచితే వాళ్లకి నెలసరి ఆగిపోతుంది, ఎముకలు పలచబడతాయి. కొందరు కోచ్‌లు నెలసరి ఆగితే ఆటకి మంచిదేలే అనుకుంటారని విన్నాను. అది ఒంట్లో తిండి చాలడం లేదని వచ్చే మొదటి కబురు. మనకి చెప్పడానికి ఆ పిల్లలు సిగ్గుపడతారు, మన వ్యాయామ టీచర్లలో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టండి. పైగా బరువు తూచేది మైదానం మధ్యలో, మగవాళ్ల ముందు. ట్రాక్ సూట్ విప్పి టీషర్టుతో ఎక్కమంటారు. రెండొందల గ్రాముల కోసం నలుగురిలో ఆ పిల్ల ఏం విప్పాలి? ఒక గది, ఒక తలుపు, ఒక ఆడమనిషి. దీనికి బడ్జెట్ లేదనకండి.

ఆ బరువు మిషన్ గురించి కూడా చెప్పాలి. బాత్‌రూముల్లో పెట్టుకునే స్ప్రింగు మిషన్, గడ్డి మీద పెట్టారు. మా పిల్లాడు ఒకడు మూడుసార్లు ఎక్కితే మూడు అంకెలు చూపించింది, మొదటిదానికీ చివరిదానికీ కేజీ పైన తేడా. మొదటి అంకె రాసుకున్నారు. మా పిల్ల తల్లి చేపలమ్మే కాటాకి తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర వేస్తారు. ముద్ర లేకపోతే జరిమానా. పావు కేజీ నెత్తళ్లు తూచడానికి ముద్ర కావాలి గానీ, పిల్ల ఏ విభాగంలో ఆడాలో తేల్చే మిషన్‌కి అక్కర్లేదా? ఎలక్ట్రానిక్ మిషన్ తెచ్చి, సిమెంటు గచ్చు మీద పెట్టి, తెలిసిన బరువు ఒకటి, పోనీ డిస్కస్ బిళ్లో షాట్‌పుట్ గుండో, ముందు అందరి ఎదుటా దాని మీద పెట్టి చూపించండి. ఆ తర్వాత పిల్లల్ని ఎక్కించండి.

మిగతావి పెద్ద కోరికలేం కాదు. పిల్ల పేరు రాసేటప్పుడే ఎత్తు, కూర్చున్న ఎత్తు, చాపిన చేతుల పొడవు కొలిచి కాగితం మీద వెయ్యండి, కుట్టుమిషన్ టేపు చాలు. ఏడాదికి రెండుసార్లు కొలిస్తే పిల్ల ఎదుగుతోందా, ఆగిందా తెలుస్తుంది. కొలతలు చూసి ఒక ఆటకి కుదరదనిపిస్తే, ఏ ఆటకి కుదురుతుందో అదే కాగితం మీద రాసి ఆ మ్యాటు దాకా మీరే నడిపించండి. కుదరదని మీకు అనిపించినా ఒక్క బౌటు ఆడనివ్వండి. మీ కన్ను తప్పని ఆ పిల్ల చూపించొచ్చు. పదహారేళ్ల లోపు పిల్లలు మామూలుగా ఉండే బరువుకి ఏ విభాగం వస్తే అందులోనే ఆడాలని రాసి గోడకి అంటించండి. రెయిన్‌కోటుతో పరిగెత్తే పిల్లాడు కనిపిస్తే కోచ్‌ని బయటికి పంపండి. నాలాంటివాణ్ణి అప్పట్లో ఎవరైనా పంపి ఉంటే బాగుండేది.

మా పిల్లకి జవాబు మొన్న చెప్పాను. ఇంకొంచెం ఎదుగుతావు, ఎక్కువ ఎదగవు అన్నాను. తాని గురించి చెప్పాను. ఫోన్‌లో ఆవిడ బౌటు చూపిస్తే రెండుసార్లు చూసి, "ఈవిడ నాకంటే పొట్టా?" అంది. ఇప్పుడు వారానికి ఆరు రోజులు తెల్లారకముందే వస్తోంది. నాకంటే ముందే వచ్చి మ్యాట్లు పరుస్తోంది. నిన్న తనకంటే జానెడు పొడుగున్న అబ్బాయి నడుం కిందికి దూరి వాణ్ణి ఎత్తి పడేసింది. వాడు లేచి దుమ్ము దులుపుకుని, మళ్లీ ఇంకోసారి అన్నాడు.

వచ్చే జూడో సెలక్షన్లకి ఆమెతో వస్తాను. ముందు రోజు మా ఊరి రైస్ మిల్లు కాటా మీద తూపించి, చీటీ జేబులో పెట్టుకుని వస్తాం. ఆ కాటాకి ముద్ర ఉంది. నిన్నటికి 43 కేజీల 700 గ్రాములు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మేస్టారు,
శ్రీకాకుళం జిల్లా